ఆర్ఎన్ఏకి హుక్కులూ కాజాలూ

వెనక వినపడుతోందా? సరే. స్లైడ్లు తెచ్చాను గానీ ప్రొజెక్టర్ మొరాయిస్తోంది, పోనీలెండి, బోర్డు ఉంది, చాక్‌పీస్ ఉంది, మేం చదువుకున్నప్పుడు ఇంతకంటే ఏముంది గనక. అక్షరాలు చిన్నగా పడితే చెప్పండి, పెద్దవి రాస్తాను.

ఆర్ఎన్ఏ అనగానే మీలో చాలామందికి కోవిడ్ టీకా గుర్తొస్తుంది. లేదంటే డీఎన్ఏ దగ్గర కబురు తీసుకుని ప్రోటీన్ తయారయ్యే చోటికి మోసుకెళ్లే పోస్ట్‌మ్యాన్ గుర్తొస్తాడు, మీ పాఠ్యపుస్తకంలో బొమ్మ ఉంటుంది కదా, అది. ఇవాళ ఆ రెండింటి జోలికీ వెళ్లను. ఆర్ఎన్ఏని కలపలాగా, ఒక సామానులాగా వాడి, మనకి కావలసిన ఆకారాలు కట్టడం గురించి చెబుతాను. పెట్టె కావాలంటే పెట్టె, త్రికోణం కావాలంటే త్రికోణం, అదీ కొన్ని నానోమీటర్ల సైజులో. ఎందుకయ్యా ఈ పని అంటారా, అది చివర్లో అడగండి, ఎలాగూ అడుగుతారు.

ఆర్ఎన్ఏ పోగంతా రాసి ఉండేది ఏ, యూ, జీ, సీ అని నాలుగు అక్షరాలతో. ఏ కి యూ జత, జీ కి సీ జత. దీనికి తోడు ఒక దొంగ జత కూడా ఉంది, జీ కి యూ. కాస్త బలహీనమైనదే గానీ జతే, దాని సంగతి తర్వాత వస్తుంది, గుర్తుపెట్టుకోండి. డీఎన్ఏలో రెండు పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని మెలితిరుగుతాయి. ఆర్ఎన్ఏ మామూలుగా ఒంటి పోగు, దానికి తోడెవరూ లేరు కాబట్టి తన మీద తానే మడత పడి, తనలో సరిపోయే ముక్కల్ని తానే వెతుక్కుని అతుక్కుంటుంది. అలా మడిచినప్పుడు జడపిన్నులా ఒక ఆకారం వస్తుంది, కింద జతలు కట్టిన కాడ, పైన జతలేని లూపు. దాన్నే హెయిర్‌పిన్ అంటారు.

ఇక్కడిదాకా సులువు. నిజంగా సులువు, ఫలానా కాడ కావాలంటే ఎదురెదురు అక్షరాలు రాసుకుంటూ పోవడమే, ఎనిమిదో తరగతి పిల్లాడు కూడా రాస్తాడు. కానీ కాడలు ఎన్ని ఉంటే ఏం లాభం, అవి కర్రలు. ఒక మంచం చేయించాలని వడ్రంగి దగ్గరికి వెళ్తే ఆయన నాలుగు కోళ్లూ నాలుగు పట్టెలూ నున్నగా చెక్కి, కట్టగట్టి చేతికిస్తే ఇంటికి తీసుకొస్తామా? ఒక చెక్కకి నాలుక తీసి, రెండో చెక్కకి దానికి సరిపోయే బెజ్జం కొట్టాలి. వడ్రంగి పనితనమంతా ఆ అతుకులోనే తెలుస్తుంది. ఆర్ఎన్ఏలోనూ అంతే, నేను ఇన్నేళ్లూ తంటాలు పడింది అతుకుల దగ్గరే.

డీఎన్ఏతో ఆకారాలు కట్టడం ముందు మొదలైంది. నెడ్ సీమన్ అనే ఆయన 1982లోనే ఆ ఆలోచన పేపర్‌గా రాశాడు, 2006లో పాల్ రోథముండ్ ఏడు వేల పైచిలుకు అక్షరాల పొడుగు పోగు ఒకటి తీసుకుని, రెండు వందలకు పైగా పొట్టి పోగులతో దాన్ని అక్కడక్కడా కుట్టి, నవ్వుతున్న మొహం బొమ్మ చేశాడు. అద్భుతమే. కాకపోతే అదంతా కుట్టుపని, వందల దారాలు కావాలి. ఆర్ఎన్ఏలో అంత కుట్టు అక్కర్లేకుండా ప్రకృతే రెడీమేడ్ అతుకులు చేసి పెట్టింది, వాటిని విడదీసి తెచ్చుకుని మనం వాడుకోవచ్చు అని ఎరిక్ వెస్టాఫ్, బెనోవా మస్కిడా, లుక్ యేగర్ 1996లో రాశారు. అక్కణ్ణుంచే మా వీధి మొదలవుతుంది.

ఒక్క అతుకు దగ్గరగా చూద్దాం. పది అతుకుల పేర్లు చదివితే మీకు నిద్రొస్తుంది.

టెట్రాహైమీనా అని చెరువు నీళ్లలో బతికే ఏకకణ జీవి ఒకటి ఉంది. దాని ఆర్ఎన్ఏలో ఒక ముక్క, ప్రోటీన్ సాయం లేకుండా తనను తానే కోసుకుని బయటపడుతుందని థామస్ చెక్ కనిపెట్టాడు, 1989లో సిడ్నీ ఆల్ట్‌మన్‌తో కలిపి నోబెల్ ఇచ్చారు. ఆ ముక్కలో 160 అక్షరాల భాగం ఒకదాని క్రిస్టల్ బొమ్మ 1996లో వచ్చింది. తీసినవాళ్లలో జెన్నిఫర్ డౌడ్నా ఉంది, అవును, తర్వాత క్రిస్పర్‌కి, అంటే జన్యువుల్ని కోసి సరిదిద్దే కత్తెరకి, నోబెల్ తెచ్చుకున్న ఆవిడే. ఆ బొమ్మలో రెండు కాడలు పక్కపక్కన పడుకుని ఉంటాయి. ఒక కాడ కొసన నాలుగక్షరాల లూపు, జీ-ఏ-ఏ-ఏ. అది వెళ్లి రెండో కాడ పక్కన ఉన్న ఒక పల్లంలో కూర్చుంటుంది. ఆ పల్లంలో ఒక పక్క యూ-ఏ-యూ-జీ-జీ, ఇంకో పక్క సీ-సీ-యూ-ఏ-ఏ-జీ, ఐదూ ఆరూ పదకొండు అక్షరాలు. జాకెట్టుకి ఒక వైపు హుక్కు, రెండో వైపు కాజా ఉంటాయి చూడండి, సరిగ్గా అదే. జీ-ఏ-ఏ-ఏ హుక్కు, ఆ పదకొండక్షరాల పల్లం కాజా. పేపర్లలో టెట్రాలూప్ అనీ రిసెప్టర్ అనీ రాస్తారు, ఇవాళ్టికి మనకి హుక్కూ కాజా చాలు.

ఇందులో గమ్మత్తేమిటంటే, ఈ హుక్కు కాజాలో కూర్చునేటప్పుడు ఏ కి యూ, జీ కి సీ అన్న మామూలు జతల లెక్క పనిచేయదు. హుక్కులోని ఏ లు వెళ్లి రెండో కాడ గాడిలోకి పక్కనుంచి ఒరుగుతాయి, అక్కడ చక్కెర భాగం మీదున్న ఆక్సిజన్-హైడ్రోజన్ గుంపు వాటికి చెయ్యి అందిస్తుంది. డీఎన్ఏలో ఆ గుంపు లేదు. అందుకే డీఎన్ఏతో ఈ రకం హుక్కులు కుదరవు. అదే గుంపు వల్ల ఆర్ఎన్ఏ తొందరగా తెగిపోతుంది కూడా, మన చేతి చెమటలో ఉండే ఎంజైమ్ చాలు దాన్ని ముక్కలు చేయడానికి, అందుకని మేం రోజంతా గ్లవ్స్‌తోనే ఉంటాం, ముక్కు దురద పెట్టినా గోక్కోలేం. (నవ్వులు)

2000లో యేగర్, నియోక్లిస్ లియోంటిస్ కలిసి ఈ హుక్కునీ కాజానీ ఆ జీవి నుంచి కోసి తెచ్చి, ఒకే ఆర్ఎన్ఏ ముక్కకి ఒక కొసన హుక్కు, నడుము దగ్గర కాజా పెట్టారు. అలాంటి రెండు ముక్కలు ఎదురెదురుగా వస్తే దీని హుక్కు దాని కాజాలో, దాని హుక్కు దీని కాజాలో. ఒక్క హుక్కు అయితే పట్టు అంతంతమాత్రం, రెండు వైపులా పడితే గట్టిగా ఉంటుంది. ఇలాంటి ముక్కలకి టెక్టో-ఆర్ఎన్ఏ అని పేరు.

ఇప్పుడు బోర్డు చూడండి. డీఎన్ఏ మెలిక తిరుగుతుందన్నాను కదా, ఆర్ఎన్ఏ కాడా అంతే, సుమారు 11 జతలకి ఒక చుట్టు పూర్తవుతుంది. 360ని 11తో భాగించండి. ఎంత? ఆ, 33 డిగ్రీలకి కాస్త తక్కువ. అంటే హుక్కుకీ కాజాకీ మధ్య కాడలో ఒక్క జత ఎక్కువ రాస్తే, హుక్కు 33 డిగ్రీలు పక్కకి తిరిగిపోతుంది. ఐదారు జతలు ఎక్కువైతే పూర్తిగా అటు వైపుకి. జాకెట్టు హుక్కు వీపు వైపు కుట్టి కాజా ముందు పెడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. టైలర్‌కైతే గుడ్డ లాగి సర్దే వీలుంటుంది, ఆర్ఎన్ఏ కాడ బిర్రుగా ఉంటుంది, లాగితే రాదు. హుక్కు మంచిదే, కాజా మంచిదే, అక్షరం తప్పు లేదు, అయినా పట్టదు. ఒక్క జత తీసేస్తే పడుతుంది. ఈ లెక్క చేత్తో వేయడం నరకం, అందుకే స్టాన్‌ఫర్డ్‌లో రిజూ దాస్ బృందం 2019లో ఆర్ఎన్ఏమేక్ అనే ప్రోగ్రామ్ ఇచ్చింది, ఈ కొస నుంచి ఆ కొసకి ఏ అతుకులు ఏ వరసలో పెడితే దారి కుదురుతుందో అదే వెతికి పెడుతుంది.

ఇక నా భాగోతం. పీహెచ్‌డీ రెండో ఏడు. రెండు ముక్కలు డిజైన్ చేశాను, ఒకటి, రెండు అందాం. రెండూ కలిస్తే జంట కావాలి, విడివిడిగా ఉంటే ఒంటరిగా ఉండాలి. నేటివ్ జెల్ వేశాను, అంటే ఆర్ఎన్ఏ మడత విప్పకుండా ఉన్న ఆకారంలోనే కరెంటు పెట్టి పరిగెత్తిస్తాం, చిన్నవి ముందుకు పోతాయి, జంటలు వెనకపడతాయి. మొదటి గాడిలో ఒకటో ముక్క, రెండో గాడిలో రెండో ముక్క, మూడో గాడిలో రెండూ కలిపి. రాత్రి పదకొండింటికి దీపం కింద పెట్టి చూస్తే మూడో గాడిలో జంట ఎక్కడ ఉండాలో అక్కడే చక్కటి గీత. నేను ఎగిరి గంతేసి ఫోటో తీసి మా గైడ్‌కి పంపించేశాను. పొద్దున ఆయన ఒక్క లైను రాశారు: "మొదటి గాడి చూశావా?" చూస్తే ఏముంది, అక్కడ కూడా అదే ఎత్తులో అదే గీత. నా ఒకటో ముక్కకి రెండో దాని అవసరమే లేదు, తనకు తానే జంట కట్టేసుకుంది.

ఏం జరిగిందంటే, డీఎన్ఏ వాళ్ల అలవాటు చూసి నేనూ ఆర్ఎన్ఏని వేడి చేసి నెమ్మదిగా, గంటలకొద్దీ చల్లార్చాను. హెయిర్‌పిన్ కాడలో రెండు సగాలుంటాయి కదా, ఒకదానికొకటి ఎదురక్షరాలు. తన రెండో సగాన్ని పట్టుకోవాల్సింది పోయి, పక్కనున్న కాపీ రెండో సగాన్ని పట్టుకుంది, ఆ కాపీ దీన్ని పట్టుకుంది. ద్రావణం చిక్కగా ఉండి, తీరిగ్గా చల్లారుతుంటే వాటికి పక్కవాళ్లని వెతుక్కునే టైం దొరికింది. 95 డిగ్రీలకి వేడి చేసి, ఠక్కున ఐసులో పెట్టేసి, ఆ తర్వాత మాత్రమే, హుక్కు పట్టు నిలవడానికి కావలసిన మెగ్నీషియం వేయాలి. అప్పుడు ఎవరికి వాళ్లే ముడుచుకుంటారు, చుట్టూ చూసే తీరికుండదు. మూడు నెలలు పోయాయి నాకు ఈ ఒక్క ముక్క తెలుసుకోవడానికి.

నాకు అప్పుడే అర్థమైంది, ఈ పనిలో పట్టుకోవడం పెద్ద కష్టం కాదు. పట్టుకోకూడని దాన్ని పట్టుకోకుండా ఉంచడం, అదీ కష్టం. ఒక ఆకారంలో ఒక్క అతుకుంటే గొడవ లేదు. ఆరు అతుకులుండి ఆరింటికీ అదే జీ-ఏ-ఏ-ఏ హుక్కు పెడితే ఏ హుక్కు ఏ కాజాలోకి పోతుంది? ఏ దాంట్లోకైనా పోతుంది. గుండీలన్నీ ఒకే సైజైతే చొక్కా ఎగుడుదిగుడుగా పెట్టుకున్నట్టు. కాబట్టి వేరే హుక్కు, దానికి మాత్రమే సరిపోయే వేరే కాజా కావాలి. ప్రకృతిలో అలాంటివి వెతికితే చాలా తక్కువ రకాలు దొరికాయి. సరే, మనమే చేద్దాం.

ఎలా చేస్తారు? కంప్యూటర్లో గీసి కాదు. హుక్కు ఇదీ అని గట్టిగా నిర్ణయించేస్తారు, కాజా ఉండాల్సిన చోట అక్షరాలు మాత్రం ఇష్టమొచ్చినట్టు పడనిస్తారు. 12 చోట్లు ఖాళీగా వదిలారనుకోండి, ఒక్కో చోట నాలుగు అక్షరాల్లో ఏదైనా రావచ్చు, నాలుగుని పన్నెండు సార్లు గుణిస్తే 1,67,77,216. కోటీ అరవై ఏడు లక్షల చిల్లర కాజాలు. భయపడకండి, ఒక పికోమోల్ ఆర్ఎన్ఏ, అంటే కంటికి కూడా ఆననంత, అందులో ఒక్కో రకానికి ముప్ఫై వేల పైన కాపీలుంటాయి. ఆ గుంపునంతా హుక్కు ముందు పెడతారు. పట్టుకున్నవి ఉంచి మిగతావి కడిగేస్తారు. ఉన్నవాటిని మళ్లీ కాపీలు తీసి, ఈసారి మరింత కష్టమైన పరీక్ష పెడతారు. ఇంకో కిటుకు, అసలు హుక్కుతో పాటు దాని అన్నదమ్ముల్ని కూడా పెట్టి, వాటిని పట్టుకున్న కాజాలన్నిటినీ తీసి పారేయొచ్చు. అలా కొన్ని విడతలయ్యాక మిగిలినవాళ్లే విజేతలు.

1997లో మరియా కోస్టా, ఫ్రాన్స్వా మిషెల్ జీ-ఏ-ఏ-ఏ హుక్కు ఇచ్చి ఇలాగే కాజా వెతికితే గెలిచిందేదో తెలుసా, ప్రకృతిలో ఉన్న ఆ పదకొండక్షరాల కాజాయే. అంటే ప్రకృతి అక్కడ ముందే ఫస్ట్ ర్యాంకు కొట్టేసి కూర్చుంది, మనకి చేయడానికేం మిగల్చలేదు. కానీ జీ-జీ-ఏ-ఏ హుక్కుకి ప్రకృతిలో కాజాలు బహు అరుదు. 2008లో కోడీ గేరీ, యేగర్ బృందం దానికి ల్యాబ్‌లో కొత్త కాజా తీశారు, 12 అక్షరాలు. రాస్తున్నా చూడండి: ఒక పోగు సీ-సీ-యూ-జీ-యూ-జీ, రెండో పోగు ఏ-యూ-సీ-యూ-జీ-జీ. పట్టు నానోమోలార్ స్థాయిలో, అంటే బాగా పలచని ద్రావణంలో కూడా పట్టుకుంటుంది, పాత పదకొండక్షరాల కాజాకి ఏమాత్రం తీసిపోదు, పైగా జీ-జీ-ఏ-ఏ హుక్కునే ఏరి పట్టుకుంటుంది. నాకు ఈ పేపరంటే ఎందుకో చాలా ఇష్టం, హడావిడి లేకుండా చాలా ముఖ్యమైన పని చేశారు.

ఇంకో రకం అతుకు చెప్పి ముగిస్తాను, టిచ్ బటన్ లాంటిది. రెండు హెయిర్‌పిన్ల లూపులు ఎదురెదురుగా వచ్చి వాటి మధ్య జతలు కడతాయి, కిస్సింగ్ లూప్ అంటారు, ముసిముసి నవ్వులు చాలు. హెచ్ఐవీ తన రెండు ఆర్ఎన్ఏ కాపీల్ని దగ్గరికి చేర్చుకునేది దీంతోనే. ఒక రకం వైరస్‌లో ఆ ఆరక్షరాలు జీ-సీ-జీ-సీ-జీ-సీ. దీనికి ఎదురక్షరాలు రాసి తిరగేసి చదవండి, మళ్లీ అదే వస్తుంది. కాబట్టి తనని తానే పట్టుకుంటుంది. మనకది పనికిరాదు, మనకి వేర్వేరు జంటలు కావాలి. ఆరక్షరాలకి 4,096 మాటలు, అందులో తమని తామే పట్టుకునేవి 64, అవి తీసేస్తే 2,016 జంటలు. అబ్బో అనిపిస్తుంది. కానీ ఇందాక దొంగ జత అన్నాను చూడండి. జీ-యూ-సీ-ఏ-జీ-ఏ కి సరైన జంట యూ-సీ-యూ-జీ-ఏ-సీ. చివరి సీ బదులు యూ ఉన్న లూపు ఇంకోటి మన డిజైన్లో ఎక్కడైనా ఉందనుకోండి, అదీ వచ్చి అతుక్కుంటుంది, జీ కి యూ కూడా జతే కాబట్టి. ఇలా తీసేస్తూ, మరీ బలహీనమైనవి తీసేస్తూ పోతే చేతిలో మిగిలేవి చాలా తక్కువ.

2014లో గేరీ, రోథముండ్, ఎబ్బే ఆండర్సన్ ఈ హెచ్ఐవీ లూపునే తీసుకుని ఆర్ఎన్ఏ ఒరిగామి చేశారు, కాగితం మడిచి బొమ్మలు చేసినట్టు. ఒకే ఒక పోగు, ఎంజైమ్ దాన్ని రాస్తుండగానే మడత పడుతుంది, వేడి చేయడం చల్లార్చడం ఏమీ లేదు. అభ్రకం ముక్క మీద పోసి మైక్రోస్కోప్‌లో చూశారు, సెలోటేప్ పెట్టి పై పొర లాగేస్తే అభ్రకమంత చదునైన నేల దొరకదు, అభ్రకానికి పేరున్న గూడూరు వాళ్లెవరైనా ఉంటే కాలరెగరేయండి. 2021కి ఇవే రెండు వేల అక్షరాలు దాటాయి. అయితే రాస్తుండగానే మడత పడడంలో చిక్కు లేకపోలేదు. వాళ్ల ఆరు కాడల కట్ట ఒకటి ముందు తప్పు మడతలో ఇరుక్కుని, సుమారు పది గంటల తర్వాత గానీ అసలు ఆకారంలోకి రాలేదని 2023లో తేలింది. ముందు పుట్టిన లూపు తన జంట పుట్టేదాకా ఆగదు కదా.

సరే, ప్రశ్నలు. చెప్పమ్మా.

(ఒక విద్యార్థిని: సార్, ప్రోటీన్ల ఆకారం ఏఐ చెప్పేస్తోంది కదా, ఇది కూడా చెప్పదా?)

మంచి ప్రశ్న. ఆకారాలు ఊహించే పోటీ ఒకటి ఉంది, కాస్ప్ అంటారు. 2022లో మొదటిసారి అందులో ఆర్ఎన్ఏ పెట్టారు. అక్కడ ముందు నిలిచినవి డీప్ లెర్నింగ్ బృందాలు కాదు, అనుభవంతో చేత్తో సర్దుకుంటూ వచ్చినవాళ్లు. కారణం మామూలుదే, ప్రోటీన్ల బొమ్మలు కుప్పలుగా ఉన్నాయి, ఆర్ఎన్ఏవి గుప్పెడు, మరి యంత్రం దేన్ని చూసి నేర్చుకుంటుంది? ఇంకోటి, ఈటెర్నా అని ఆన్‌లైన్ ఆట ఉంది, ఆడేవాళ్లు డిజైన్ చేసిన ఆర్ఎన్ఏని నిజంగా ల్యాబ్‌లో తయారుచేసి మార్కులేస్తారు. 37 వేల మందికి పైగా చేరిన ఆ ఆటలో మామూలు జనం కనిపెట్టిన చిట్కాలు అప్పటి ప్రోగ్రామ్‌లని ఓడించాయని 2014లో పేపరొచ్చింది. మీ ఫోన్లో డేటా ఉంది కదా, ఆడి చూడండి.

(మరో విద్యార్థి: దీనివల్ల ఉపయోగం ఏంటి సార్?)

వచ్చింది, అనుకున్నా. 2011లో హార్వర్డ్‌లో ఈ-కోలై బ్యాక్టీరియా లోపల ఆర్ఎన్ఏతో ఒక వేదికలాంటిది కట్టి, హైడ్రోజన్ తయారీలో పాల్గొనే రెండు ప్రోటీన్లని దాని మీద పక్కపక్కన కూర్చోబెట్టారు. విడివిడిగా తిరుగుతున్నప్పటికంటే 48 రెట్ల దాకా హైడ్రోజన్ ఎక్కువ వచ్చింది. వంటింట్లో పోపుల డబ్బా పొయ్యి పక్కనే ఉంటే పని తొందరగా అవ్వదూ? అలా.

(మొదటి విద్యార్థిని: ప్రకృతిలో ఉన్న హుక్కే అంత బాగా పనిచేస్తే కొత్తది చేయడం ఎందుకు సార్, ఒక్క అతుకే కావాలనుకుంటే?)

ఒక్క అతుకే అయినా, టెస్ట్‌ట్యూబ్‌లో అయితే పాతది చాలు తల్లీ. కణం లోపల పెట్టావనుకో, అక్కడ ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములు వేల సంఖ్యలో ఉంటాయి, వాటి నిండా ఇలాంటి నాలుగక్షరాల లూపులే. నీ కాజా ఖాళీగా కనపడితే అవి ఊరుకుంటాయా. పైగా ట్యూబులో మనం మెగ్నీషియం 10, 15 మిల్లీమోలార్ ధారాళంగా వేస్తాం, కణంలో విడిగా దొరికేది 1కి అటూ ఇటూ, అంత తక్కువలో కూడా పట్టు నిలవాలి. అందుకే పోటీ తక్కువుండే హుక్కు, గట్టి కాజా కావాలి. బోర్డు మీదున్న ఆ పన్నెండు రాసుకో కావాలంటే. రాసుకునేటప్పుడు రెండు పోగులూ ఐదు-ప్రైమ్ కొస నుంచి, అంటే పోగు మొదలయ్యే కొస నుంచి చదవాలి, నేను అలాగే రాశాను, రెండోదాన్ని మాత్రం మొదటిదాని కింద ఎదురుగా పెట్టుకోవాలంటే తిప్పి పెట్టాలి. తిప్పడం మర్చిపోయి అలాగే ఆర్డర్ పెట్టేసి, రెండు వారాలు ఆగి, తెరిచి చూసుకున్నవాళ్లున్నారు. ఎవరో కాదు, మీ ముందే నిలబడ్డాడు.